ఎలిజబెత్ గద్దె ఎక్కిన రోజు అన్నిటికంటే పెద్ద చిక్కు ఏది? సోమవారం పరీక్ష, కాస్త చెప్పండి

తిరుపతి_పీజీ_అమ్మాయి:

అందరికీ నమస్కారం. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎమ్మే హిస్టరీ చదువుతున్నాను. సోమవారం ఇంగ్లండ్ చరిత్ర పేపర్ ఉంది. '1558లో ఎలిజబెత్ రాణికి ఎదురైన సమస్యలు' ప్రతిసారీ వచ్చే ప్రశ్నే, కాబట్టి ఈసారీ వస్తుంది.

లీలామహల్ సెంటర్ దగ్గర జిరాక్స్ తీయించుకున్న నోట్సులో ఆరు పాయింట్లున్నాయి: మతం, అప్పు, ఫ్రాన్స్‌తో యుద్ధం, స్కాట్లండ్ రాణి మేరీ, పెళ్ళి, ఆడమనిషి కావడం. ఒక్కోదానికి నాలుగు లైన్లు. బట్టీ పట్టేశాను, అది పెద్ద కష్టం కాదు. కానీ క్లాసులో మా మేడమ్ ఒక ప్రశ్న అడిగారు: "ఈ ఆరింటిలో ఆమె పొద్దున లేవగానే దేని గురించి ఆలోచించి ఉంటుంది?" నలభై మందిమీ నోరు మెదపలేదు.

అప్పటినుంచీ అదే తొలుస్తోంది. ఒక ముడి విప్పబోతే ఇంకోటి బిగుసుకుంటోంది. ప్రొటెస్టెంట్ మతం వైపు పోతే కాథలిక్ స్పెయిన్‌కు కోపం. స్పెయిన్‌ను దూరం చేసుకుంటే ఫ్రాన్స్ ముందు ఒంటరి. ఫ్రాన్స్‌తో పోరాడదామంటే డబ్బు లేదు. పెళ్ళి చేసుకుంటే ఒక తంటా, మానుకుంటే ఇంకో తంటా. పాతికేళ్ళ అమ్మాయి దీన్ని ఎక్కడ మొదలుపెట్టింది? నోట్సులో అది లేదు.

గ్రూప్స్_మూడోసారి:

టెన్షన్ పడకు చెల్లెమ్మా. మతం అని రాసెయ్, మార్కులు గ్యారంటీ. 1559లో రెండు చట్టాలు. మొదటి దానితో రాణి చర్చికి పెద్ద అయింది, రెండో దానితో దేశమంతటా ఒకటే ప్రార్థన పుస్తకం. ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీల జరిమానా. రెండో చట్టం ప్రభువుల సభలో మూడే ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ మూడు ఓట్ల సంగతి తప్పక రాయి, దిద్దేవాళ్ళు ఆగి చూస్తారు.

బెల్లం_మండీ_చిత్తూరు:

చెల్లీ, నేను దూరవిద్యలో బీఏ చేసినదాన్ని, నీకు పాఠం చెప్పేంత చదువు నాకు లేదు. కానీ ఈ ఎలిజబెత్ గురించి చదివినప్పుడల్లా మా వీధి మనిషి గురించి చదువుతున్నట్టే ఉంటుంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మాది చిత్తూరులో బెల్లం మండీ. మా నాయన పోయేనాటికి నాకు 26, ఒక్కతే కూతుర్ని. పదకొండో రోజు భోజనాలయి విస్తళ్ళు ఇంకా ఎత్తలేదు, మా చిన్నాయన పక్కన కూర్చుని గల్లాపెట్టె తాళాలు అడిగాడు. అడగడం కూడా ఎంత ప్రేమగానో! "ఎండలో పడి నువ్వెందుకమ్మా యార్డుకు తిరగడం" అన్నాడు. తాళాలు నా కొంగున ఉన్నాయి. "రేపు ఇస్తా చిన్నాయనా" అన్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుల గురించి అనుకుంటావేమో, అవి తరవాతెప్పుడో గుర్తొచ్చాయి. తెల్లవార్లూ ఒకటే ఆలోచన: రేపు పొద్దున నేను షట్టరు ఎత్తితే, ఈ ఇంతమందిలో నా మాట వినేదెవరు? మీ మేడమ్‌కు నా జవాబు అదే.

తేదీలు చూడు. 1558 నవంబర్ 17న అక్క మేరీ చనిపోయింది. ఎలిజబెత్ అప్పుడు హాట్‌ఫీల్డ్‌లో ఉంది. నవంబర్ 20న అక్కడే మొదటి సమావేశం పెట్టి విలియం సెసిల్‌ను కార్యదర్శిగా వేసుకుంది. చర్చి చట్టాలు, ఫ్రాన్స్‌తో సంధి, నాణేలు అన్నీ ఆ తరవాతే. ఆ సెసిల్ ఎవరు? 1550 నుంచీ ఆమె సొంత ఆస్తుల లెక్కలు చూస్తున్నవాడు. తాను ప్రొటెస్టెంటే అయినా, కాథలిక్ మేరీ కాలంలో తలొంచుకుని అందరితోపాటు వాళ్ళ పూజకు పోయి ప్రాణం కాపాడుకున్నవాడు. అంటే ఎనిమిదేళ్ళుగా చేతి నిజాయితీ చూసిన మనిషి. ఆయన తరవాత నలభై ఏళ్ళు, తాను చనిపోయేదాకా, ఆమె దగ్గరే పనిచేశాడు.

మాకూ ఒక గుమస్తా తాత ఉండేవాడు. ఏ రైతుకు ఎంత అడ్వాన్స్ ఇచ్చాం, ఎవరి గానుగ ఏ నెలలో మొదలవుతుంది, ఎవరి కూతురి పెళ్ళికి ఎంత వాడుకున్నారు, అన్నీ చిట్టా తెరవకుండా చెప్పేవాడు. చిన్నాయన మొట్టమొదట తీసెయ్యమన్నది ఆయన్నే. వయసైపోయింది, కళ్ళు కనపడవు అన్నాడు. అప్పుడే అర్థమైంది ఉంచుకోవాల్సింది ఎవర్నో. నెల తిరక్కుండా తాతకు జీతం పెంచాను.

పాతవాళ్ళందర్నీ తరిమేయడం కూడా కుదరదు. ఎలిజబెత్ అక్క కాలం నాటి సలహామండలిని దాదాపు సగానికి తగ్గించింది, అయినా మిగిలినవాళ్ళలో చాలామంది మేరీ దగ్గర కొలువు చేసినవాళ్ళే. నేనూ చిన్నాయన పెట్టించిన ఇద్దర్ని పంపేశాను, తూకం చూసే ఆయన్ని మాత్రం ఉంచాను. ఆయన నా వైపు కాదని నాకు బాగా తెలుసు. కానీ ఆయన తూచాడంటే రైతు రెండో మాట అనడు. ఆ నమ్మకం నాకు రావడానికి ఇంకా అయిదేళ్ళు పట్టింది. అన్నాళ్ళు ఆయన నమ్మకాన్ని వాడుకున్నాను, అంతే.

ఇక పట్టాభిషేకం. ఇది నీ నోట్సులో ఉండదు. 1559 జనవరి 15. ఆ రోజును జాన్ డీ అనే పండితుడు గ్రహాలు చూసి పెట్టాడు. ముహూర్తమే, అక్షరాలా ముహూర్తం! అంతా బాగుంది, కిరీటం పెట్టేవాడే దొరకలేదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పోల్, మేరీ పోయిన రోజే కొన్ని గంటల తేడాతో కన్నుమూశాడు. యార్క్ ఆర్చిబిషప్ హీత్ నా వల్ల కాదన్నాడు. చివరికి కార్లైల్ బిషప్ ఓగిల్‌థోర్ప్ ఒప్పుకున్నాడు. ఈయనతో ఆమెకు మూడు వారాల కిందటే గొడవ. క్రిస్మస్ రోజు పూజలో కాథలిక్ పద్ధతిలో రొట్టెను పైకెత్తి చూపొద్దని ఆమె ముందే కబురు పెట్టింది. ఆయన ఎత్తాడు. ఆమె పూజ మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన చేతనే కిరీటం పెట్టించుకుంది. ఇంకెవరున్నారు మరి? పెళ్ళికి అలిగిన పురోహితుడినే బతిమాలి పిలుచుకొచ్చినట్టు.

అప్పు సంగతికొస్తే, ఖజానా నెత్తిన 2 లక్షల పౌండ్లకు పైగా ఉండింది. అందులో పెద్ద భాగం ఆంట్‌వెర్ప్ వడ్డీవ్యాపారుల దగ్గర తెచ్చింది. దానికంటే నన్ను పట్టుకున్నది నాణేల కథ. వాళ్ళ నాయన ఎనిమిదో హెన్రీ యుద్ధాల ఖర్చు కోసం వెండి నాణేల్లో రాగి కలపడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక తమ్ముడి కాలానికి, 1551లో, వెండి నాలుగో వంతుకు దిగింది. హెన్రీ నాణేల మీద రాజు ముఖం ఎదురుగా ఉండేది కదా, చేతులు మారి మారి అన్నిటికంటే ఎత్తుగా ఉన్న ముక్కు మొదట అరిగి, వెండి పూత పోయి, రాగి ఎర్రగా తేలేది. జనం ఆయనకు 'రాగిముక్కు' అని పేరు పెట్టారు. దేశం మొత్తం చేతిలో పెట్టుకుని తిరిగిన ఎగతాళి అది.

మా వ్యాపారంలో దీన్ని ఇట్టే పోల్చుకుంటాం. బెల్లం తెల్లగా మెరవాలని హైడ్రోస్ వేస్తారు. తెల్ల బెల్లానికి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి మంచి రైతు కూడా ఆ దారి పడతాడు. అందరూ వేశాక ఎవరి సరుకునూ ఎవరూ నమ్మరు, నాలుక మీద పెట్టుకున్నాగానీ కొనరు. ఎలిజబెత్ 1560 సెప్టెంబర్‌లో ప్రకటన చేసి ఆ చెడ్డ నాణేలన్నీ వెనక్కి రప్పించింది, కరిగించి మంచి వెండితో మళ్ళీ పోయించింది. ఏడాది కాస్త అటూ ఇటూగా పని పూర్తయింది. ఖజానాకు నష్టం రాకపోగా కొంచెం మిగిలింది కూడా. ఆమె పాలనలో మొదటి గట్టి పని ఏదంటే నేను ఇదే అంటాను. మతం చట్టాల గురించే అందరూ రాస్తారు, సంతలో పచ్చి చేపలు కొనే ఆడమనిషికి ఆ రోజు తేడా తెలిసింది నాణెం వల్లే అయి ఉంటుంది.

పెళ్ళి. దీని గురించి నోట్సులో 'పెళ్ళి చేసుకోలేదు' అని రాసుంటారు. మొదట్లో అలా ఎవరికీ తెలీదు కదా చెల్లీ! 1559 మొదట్లోనే బావ ఫిలిప్, స్పెయిన్ రాజు, సంబంధం కలుపుకుందామన్నాడు. తరవాత స్వీడన్ ఎరిక్, ఆస్ట్రియా చార్లెస్. పార్లమెంటు కూడా పెళ్ళి చేసుకోమని అర్జీ పెట్టింది. ఆమె కాదనలేదు, సరేననలేదు. సంబంధం మాటల్లో ఉన్నంతకాలం అటువైపు వాళ్ళు కత్తి దుయ్యరు. నాకూ ఆ రెండేళ్ళలో ఏడు సంబంధాలు తెచ్చారు. అన్నిటిలోనూ అబ్బాయికి బెల్లం వ్యాపారం మీద చాలా ఆసక్తి! ఒకటి చిన్నాయన బామ్మర్ది కొడుకే. నేను ప్రతిదానికీ "జాతకం చూపిద్దాం" అన్నాను. కాణిపాకం దారిలో ఉన్న మా జోస్యుల వారు పాపం నా వల్ల చాలా సంపాదించారు.

కానీ ఈ ఆటకు ఒక ధర ఉంది. 1562 అక్టోబర్‌లో ఆమెకు మశూచి వచ్చింది. హాంప్టన్ కోర్టులో మంచం మీద ఆమె, చుట్టూ మంత్రులు, తరవాత ఎవరన్నదాని మీద ఏ ఇద్దరికీ పొంతన లేదు. ఆమె కోలుకుంది కాబట్టి సరిపోయింది. నాకు డెంగీ వచ్చి ప్లేట్లెట్లు పడిపోయిన రాత్రి మా అమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను అడగలేదు, నర్సును అడిగింది, "దీనికేమన్నా అయితే మండీ ఎవరిది తల్లీ?" అని. కర్టెన్ అవతల నాకు వినపడింది. నేను మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నాను. ఆమె చేసుకోలేదు. అక్కడ మా దారులు వేరయ్యాయి.

ఇంకొక్కటే. చర్చికి తనను 'అధిపతి' అనిపించుకోలేదు ఆమె. వాళ్ళ నాయన వాడిన మాట అది. ఆడమనిషి ఆ మాట వాడితే రెండు మతాల వాళ్ళూ మండిపడతారని 'గవర్నర్' అన్న మాట పెట్టించింది. అధికారం మాత్రం దాదాపు అదే. మా షాపు బోర్డు మీద నాయన పేరు పక్కన 'అండ్ సన్స్' అని ఉంది. ఆయనకు కొడుకులు లేరు, పుడతారన్న ఆశతో రాయించాడు. అందరూ మార్చమన్నారు, నేను మార్చలేదు. సంతకం పెట్టేది నేనైనప్పుడు పైన ఏం రాసుంటే ఏం?

రిటైర్డ్_లెక్చరర్_గిరింపేట:

మండీ అమ్మాయి బాగా చెప్పింది. పరీక్ష పేపరు కాబట్టి నాలుగు మాటలు నేనూ కలుపుతాను.

ఒకటి. మేరీ అంతా పాడుచేసి పోయింది, ఎలిజబెత్ వచ్చి బాగుచేసింది అని రాయకమ్మా. సుంకాల రేట్లు పెంచుతూ 1558లోనే కొత్త పట్టిక తెచ్చింది మేరీ ప్రభుత్వం, ఆ ఆదాయం తిన్నది చెల్లెలు. రాణికి రాజుతో సమానమైన అధికారం ఉంటుందని 1554లో చట్టం చేయించింది కూడా అక్కే. ముందు నడిచిన వాళ్ళ కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి, వెనకొచ్చిన ఆమెకు దారి దొరికింది. అక్క పెళ్ళి చూసే ఆమె తన పెళ్ళికి జంకింది. ఫిలిప్‌ను చేసుకుని మేరీ స్పెయిన్ యుద్ధంలో దిగింది, 1347 నుంచీ ఇంగ్లండ్ చేతిలో ఉన్న కాలే రేవు 1558 జనవరిలో ఫ్రాన్స్ పాలైంది.

రెండు. నీ ముడి విప్పే చోటు స్కాట్లండ్ మేరీ దగ్గర ఉంది. ఆమె హెన్రీ అక్కకు మనవరాలు. పోప్ లెక్కలో ఎలిజబెత్ తల్లి పెళ్ళే చెల్లదు కాబట్టి, కాథలిక్కులకు నిజమైన వారసురాలు ఈ మేరీ. 1558 ఏప్రిల్‌లో ఆమెకు ఫ్రాన్స్ యువరాజుతో పెళ్ళయింది. ఇప్పుడు స్పెయిన్ ఫిలిప్ స్థానంలో కూర్చుని ఆలోచించు. ఎలిజబెత్‌ను దించితే గద్దె ఎక్కేది ఎవరు? ఫ్రాన్స్ కోడలు. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఫ్రాన్స్ ఒక్క ఇంటి కింద చేరితే అతని ఏలుబడిలో ఉన్న నెదర్లాండ్స్‌కు పోయే సముద్రదారి మూసుకుపోతుంది. అందుకని పెద్ద కాథలిక్ రాజు అయివుండి ఈ ప్రొటెస్టెంట్ పిల్లను చాలా ఏళ్ళు కాచాడు. భయపెట్టిన శత్రువే ఆమెకు రక్ష అయ్యాడు. ఇది రాస్తే నీ ఆరు పాయింట్లూ ఒక దారానికి ఎక్కుతాయి.

మూడు. ఆమె తప్పులూ రాయి. 1562లో కాలే తిరిగి రాబట్టుకోవచ్చన్న ఆశతో ఫ్రాన్స్‌లోని లే హావ్ర్ రేవుకు సైన్యాన్ని పంపింది. మరుసటి ఏడు ప్లేగు సోకి సైనికులు రాలిపోయారు, రేవు అప్పగించి రావాల్సి వచ్చింది. కాలే మీద ఆశ అంతటితో సరి.

నాలుగు. స్పెయిన్ నౌకాదళం, ఆర్మడా, రాణి సైన్యం ముందు చేసిన ప్రసంగం, ఇవన్నీ 1588. ముప్ఫై ఏళ్ళ తరవాతి ముచ్చట. నా సర్వీసులో ప్రతి ఏడూ సగం మంది దీన్ని తెచ్చి 'ఆరంభ సమస్యలు' కింద అతికించేవాళ్ళు. నువ్వు అతికించకు.

జాతర_వేషం:

మా తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ గుర్తొచ్చింది ఇదంతా చదివితే. ఊరి ఆడవాళ్ళను వేధించిన పాలెగాడు ఆమెకు భయపడి దాక్కుంటే అమ్మ రోజుకో వేషం కట్టి వెతికింది. బైరాగి వేషానికి, బండ వేషానికి, తోటి వేషానికి వాడు బయటికి రాలేదు. దొర వేషం కట్టాక తమ దొరే వచ్చాడనుకుని వచ్చాడు, అంతే, తల తెగింది. మన రుద్రమదేవిని కూడా శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అనే కదా రాశారు. ఆడమనిషి ఏలాలంటే ఎక్కడైనా దొర వేషం కట్టాల్సిందేనా అని అనుమానం. నేను పదేళ్ళ వయసు నుంచీ జాతరలో చీర కట్టి వేషం వేస్తున్నా, మగాడు చీర కడితే అందరూ మొక్కుతారు, అదో విచిత్రం. సారీ, టాపిక్ దాటేశాను.

రిటైర్డ్_లెక్చరర్_గిరింపేట:

దాటలేదయ్యా. ఒక్క తేడా ఉంది. రుద్రమకు గణపతిదేవుడు తాను బతికుండగానే అధికారం అప్పగించాడు, తండ్రి మాట వెనక ఉంది. ఎలిజబెత్‌ను తండ్రే 1536లో చట్టం చేసి అక్రమ సంతానం అన్నాడు. 1544లో వారసుల వరసలో చేర్చాడుగానీ ఆ మచ్చ చెరపలేదు. గద్దె ఎక్కాక ఆమె కూడా ఆ పాత చట్టాన్ని కదపలేదు. నేనే హక్కుదారునని 1559లో పార్లమెంటు చేత ఒప్పించుకుని ఊరుకుంది. తవ్వితే తల్లి తల నరికించిన కథంతా మళ్ళీ నలుగురి నోళ్ళలో పడుతుంది.

తిరుపతి_పీజీ_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. సార్, ఫిలిప్ సంగతి చదివాక ఒక్కసారిగా వెలుగొచ్చింది. నోట్సు పక్కన పెట్టి మొదటి పేరా ఇలా రాసుకున్నాను: నవంబర్ 20 సెసిల్ నియామకంతో మొదలు, తరవాత ఫ్రాన్స్ కోడలు, ఆ నీడలో మతం, డబ్బు, పెళ్ళి. ఆర్మడా లేదు సార్, ఒట్టు.

మండీ అక్కా, రాగిముక్కు కథ హాస్టల్లో చెప్పాను, ఇప్పుడు మా వార్డెన్‌కు ఆ పేరు పెట్టేశారు. నాకు సంబంధం లేదు. ఒక్కటి అడగొచ్చా? 'అండ్ సన్స్' బోర్డు ఇంకా అలాగే ఉందా?

బెల్లం_మండీ_చిత్తూరు:

ఉంది చెల్లీ. జీఎస్టీ కూడా ఆ పేరుతోనే తీసుకున్నాం. ఇప్పుడు మార్చాలంటే బ్యాంకు, లైసెన్సు, బిల్లు పుస్తకాలు, అన్నిటికీ మళ్ళీ ఆ ఆడిటర్ దగ్గర కూర్చోవాలి. ఆయన ఒక్క కాఫీ కూడా ఇప్పించడు. పరీక్ష బాగా రాయి. అయ్యాక చిత్తూరు వైపు వస్తే మండీకి రా, హైడ్రోస్ వేయని నల్లబెల్లం ఇస్తాను.